వేలిముద్ర పడటం లేదు

కీబోర్డు పనిచేయడం లేదని మా షాపుకి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది దగ్గర కీబోర్డు బాగానే ఉంటుంది. వైరు ఊడి ఉంటుంది. మౌసులో బ్యాటరీ అయిపోయి ఉంటుంది. లేదంటే ఎవరో టీ ఒలకబోసి, తుడిచేసి, ఏమీ తెలియనట్టు తెచ్చి బల్ల మీద పెడతారు. బందరు కోనేరు సెంటరు పక్క సందులో పంతొమ్మిదేళ్ళుగా ఇదే నా పని. ముందు వైరు చూడు, తర్వాత పోర్టు మార్చు, తర్వాత వేరే కీబోర్డు పెట్టి చూడు. ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట జబ్బు దొరికి తీరుతుంది.

మొన్న నవంబరులో, ఒక సోమవారం. వాయుగుండం పట్టి రెండు రోజులుగా ముసురు. షాపులో మనిషి అలికిడి లేదు. పదకొండు గంటలప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తీస్తే నాగాయలంక పిచ్చేశ్వరరావు.

"బావా, సెంటర్లో కీబోర్డూ మౌసూ పలకట్లేదు. నువ్వు ఒకసారి రావాలి."

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే నెలరోజులు దాటిందన్నాడు. ఇన్నాళ్ళూ ఏం చేశావంటే కొత్తవి మూడు జతలు కొన్నాననీ, అవనిగడ్డ నుంచి ఒక మెకానిక్ వచ్చి చూసి అన్నీ బాగానే ఉన్నాయని వెళ్ళిపోయాడనీ చెప్పాడు. ఫోన్లోనే నాకు తెలిసినవన్నీ చేయించబోయాను. వెనకవైపు పోర్టులో పెట్టమన్నాను. పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపి, మళ్ళీ ఆన్ చేయమన్నాను. అన్నీ చేయించాననే అన్నాడు. "చేశాను" అనలేదు, "చేయించాను" అన్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు. సొంత ఫోన్ ఏమైందంటే అదీ పాడైందనీ, ఇది టీ కొట్టతని ఫోననీ అన్నాడు.

ఇంకెవరైనా అయితే మిషన్ బస్సులో వేయించి పంపమనేవాణ్ణి. పిచ్చేశ్వరరావు మాట వేరు. ఇరవై రెండేళ్ళ కిందట బందరులో ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్చుకున్న ముగ్గురం మేము. నేను, అతను, బ్లెస్సీ. అతనికీ నాకూ చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటిరోజు నుంచీ బావా అంటే బావా అనుకున్నాం. బ్లెస్సీ నన్ను అన్నయ్యా అనేది. నాకు సొంత చెల్లెళ్ళు లేరు.

బ్లెస్సీది నాగాయలంకే. భర్త చిన్నవయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, శ్రావ్య. పదకొండేళ్ళ కిందట బ్లెస్సీ, పిచ్చేశ్వరరావు కలిసి నాగాయలంకలో సెంటరు పెట్టారు. గది అతనిది, పని ఆవిడది. జనానికి సర్టిఫికెట్లు తీసివ్వడం, దరఖాస్తులు నింపడం, వేలిముద్రలు వేయించడం. ఆ పనికి పర్మిట్ కావాలి, పర్మిట్‌కి పరీక్ష రాయాలి. ఇద్దరూ రాస్తే బ్లెస్సీ పాసయింది, పిచ్చేశ్వరరావు తప్పాడు. పర్మిట్ ఆవిడ పేరున వచ్చింది. రోజూ పొద్దున్నే ఆవిడ వేలు పడితేగాని సెంటరు తెరుచుకునేది కాదు.

ఆ బ్లెస్సీ అప్పటికి ఐదు వారాల కిందట, ఒక మంగళవారం మధ్యాహ్నం, సెంటర్లో కూర్చున్న కుర్చీలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. నలభై ఒక్క ఏళ్ళు. సమాధుల దొడ్డికి పెట్టె మోసినవాళ్ళలో ముందువరసలో పిచ్చేశ్వరరావు ఉన్నాడు. వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "నా కుడిచెయ్యి పోయింది బావా" అన్నాడు. నేనే నీళ్ళు తాగించి ఊరుకోబెట్టాను.

అందుకని మధ్యాహ్నం మూడింటికి ఆ వానలోనే బండి తీశాను. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వంతెన. కృష్ణ నిండుగా, బురద రంగులో పోతోంది. అవనిగడ్డ దాటాక వరిచేలు వంగిపోయి నీళ్ళలో తలలు పెట్టుకుని ఉన్నాయి. నాగాయలంక చేరేసరికి ఐదయింది. మబ్బుకి అప్పటికే మసకపడిపోయింది. ఘాట్‌కి వెళ్ళే రోడ్డు మీద ఒక్క టీ కొట్టు తప్ప అన్నీ మూసి ఉన్నాయి.

సెంటరు షట్టరు సగం దించి ఉంది. బయట అరుగు మీద పిచ్చేశ్వరరావు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసింది. చేతులు రెండూ తువ్వాలులో చుట్టుకుని ఉన్నాడు, చలికేమో అనుకున్నాను.

వంగి లోపలికి వెళ్ళాను. ఏటి బురద వాసన, తడిసిన కాగితాల వాసన. వాటి అడుగున ఇంకేదో... నొప్పి బామ్. బ్లెస్సీకి తలనొప్పి ఎక్కువ, ఎప్పుడూ కణతలకి రాసుకునేది. మనిషి పోయి ఐదు వారాలైనా గదికి ఆ వాసన వదల్లేదు.

పిచ్చేశ్వరరావు బల్ల దాకా రాలేదు. షట్టరు దగ్గరే ఆగాడు.

కంప్యూటర్ ఆన్ చేశాను. తెర వెలిగింది. మౌసు కింద ఎర్రలైటు వెలుగుతోంది. కీబోర్డు మీద చిన్న పచ్చలైటూ వెలుగుతోంది. కరెంటు అందుతోందన్నమాట. మౌసు కదిపాను.

బాణం గుర్తు కదిలింది.

పాస్‌వర్డ్ దగ్గర నాలుగు అక్షరాలు కొట్టాను. నాలుగు చుక్కలు పడ్డాయి.

"బాగానే ఉంది కదయ్యా" అన్నాను నవ్వుతూ. యాభై కిలోమీటర్లు తడుసుకుంటూ వచ్చింది ఇందుకా అన్నాను. ఒకసారి నువ్వు కొట్టి చూపించమన్నాను. అతను కదల్లేదు. రెండోసారి పిలిచాక వచ్చాడు. తువ్వాలు విప్పి, కుడిచేతి చూపుడువేలు మీట మీద పెట్టాడు.

మీట కిందికి దిగింది. టక్‌మని చప్పుడు కూడా వచ్చింది. తెర మీద చుక్క పడలేదు.

ఇంకోటి నొక్కాడు. పడలేదు. మౌసు పట్టుకుని బల్లంతా తిప్పాడు. బాణం గుర్తు ఉన్నచోటే ఉంది. నేను చేయి వేసి అతని చేయి తీసేశాను. వెంటనే కదిలింది.

సంచిలోంచి నా కీబోర్డు తీసి పెట్టాను. నాకు పలికింది. అతనికి పలకలేదు. పోర్టు మార్చాను. అంతే. చివరికి నా ఫోన్ అతని చేతికిచ్చి ఏదైనా నంబరు నొక్కమన్నాను. అద్దం మీద అతని వేలు పాకింది. ఫోన్ మాత్రం రాయిలా ఉండిపోయింది.

"ఏదీ, చెయ్యి చూపించు" అన్నాను.

చూపించాడు. వేళ్ళ కొసలు తెల్లగా, పాలిపోయి, చాలాసేపు నీళ్ళలో నానినట్టు ఉన్నాయి. అలా నానితే ముడతలు పడాలి. ముడతలు లేవు. గీతలు లేవు. పది వేళ్ళ మీదా ఒక్క గీత లేదు. కొవ్వొత్తి మైనంలా నున్నగా... పట్టుకుని చూసి వెంటనే వదిలేశాను. అంత చల్లదనం బతికున్న మనిషికి ఉండదు.

డాక్టరుకి చూపించావా అని అడిగాను. నన్ను చూడటం లేదు. నా వెనకాల తెర వైపు చూస్తున్నాడు.

అప్పుడు వినిపించింది.

టక్.

నా కీబోర్డు పెట్టినప్పుడు సెంటరు కీబోర్డు వైరు తీసేసి పక్కన బల్ల మీద పెట్టాను. దాని వైరు కొస ఉత్తినే వేలాడుతోంది. చప్పుడు అందులోంచి వచ్చింది.

టక్. టక్... టక్.

ఒక మీట దానంతటదే దిగి పైకి లేచింది. దాని పక్కది దిగింది. ఎవరో తీరిగ్గా కూర్చుని, తొందర లేకుండా కొడుతున్నట్టు.

తెర మీద ఖాళీ కాగితం తెరుచుకుని ఉంది. నేను తెరవలేదు. దాని మీద అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి.

"అన్నయ్యా"

తర్వాత రెండు ఖాళీలు. మాటకీ మాటకీ మధ్య ఒక్క ఖాళీ చాలని ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల వినేది కాదు. ఎప్పుడూ రెండుసార్లు కొట్టేది.

బల్ల అంచు పట్టుకున్నాను.

"అన్నయ్యా  వేలు  వెచ్చబెట్టమని  నువ్వే  చెప్పావా"

అర్థం కాలేదు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే అర్థమైంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం నేను భోజనం చేస్తుండగా పిచ్చేశ్వరరావు ఫోన్ చేశాడు. వేలిముద్ర పడటం లేదు బావా, వేలు చల్లగా ఉంది, ఏం చెయ్యాలి అన్నాడు. రోజుకి పదిమంది అడిగే మాటే. ముసలివాళ్ళ వేళ్ళూ, రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్ళ వేళ్ళూ ఓ పట్టాన పడవు. నేను ముద్ద మింగుతూనే చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి వేలు తుడువు, నీ రెండు అరచేతుల మధ్య పెట్టి కాసేపు రుద్దు, వెచ్చబడ్డాక మెల్లగా నొక్కు, గట్టిగా నొక్కితే పడదు అని. సరే అని పెట్టేశాడు. రెండు గంటల తర్వాత మళ్ళీ అతనే చేసి, బ్లెస్సీ పోయిందన్నాడు. ఆ రెండు ఫోన్లూ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని ఈ ఐదు వారాల్లో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఎవరి వేలది?" అన్నాను. గుసగుసలాగే వచ్చింది.

పిచ్చేశ్వరరావు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి గొంతుకూర్చున్నాడు. తెర వైపు చూస్తూనే, నెమ్మదిగా చెప్పాడు. పరీక్ష మళ్ళీ రాసి గట్టెక్కి, పర్మిట్ తన పేరుకి మార్చమని ఏడాదిగా అడుగుతున్నాడట. అది శ్రావ్యకి అని బ్లెస్సీ ఒప్పుకోలేదట. మార్చాలంటే ఇద్దరి వేళ్ళూ పడాలి. ఆ రోజు పన్నెండున్నరకి మాట్లాడుతూ మాట్లాడుతూనే బ్లెస్సీ కుర్చీలో వెనక్కి పడిపోయింది. పిలిస్తే పలకలేదు. పోయిందనుకున్నాడు. బయట ఎవరూ లేరు. షట్టరు దించాడు. కాగితం అంతా నింపాడు. వేలు పెడితే పడలేదు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"పోయిన మనిషే కదా బావా అనుకున్నాను" అన్నాడు. "పోయాక వేలుతో ఆవిడకేం పని అనుకున్నాను."

"పడిందా?"

"నువ్వు చెప్పినట్టు చేస్తే పడింది."

బల్ల మూలకి చూశాను. ఆ సెంటర్లో ఉన్న వేలిముద్ర యంత్రం నేనే కొని తెచ్చి బిగించాను. అది కొత్తరకం. వేలి గీతలు ఒక్కటే చూడదు. వేల్లో నెత్తురు ఆడుతోందో లేదో కూడా చూస్తుంది. మైనం ముద్రలూ రబ్బరు ముద్రలూ పెట్టి మోసాలు చేస్తున్నారని వచ్చిన యంత్రం అది.

"పిచ్చేశ్వరరావూ" అన్నాను. "చచ్చినవాళ్ళ వేలు అది తీసుకోదు."

అతను నా వైపు చూశాడు. కొత్త సంగతి విన్నవాడి చూపు కాదది. అప్పుడే తెలుసో, తర్వాత తెలిసిందో... తెలుసు మాత్రం.

బ్లెస్సీ బతికే ఉంది. అతను తడిగుడ్డ తెచ్చి వేలు తుడుస్తుంటే బతికే ఉంది. అరచేతుల మధ్య పెట్టి రుద్దుతుంటే బతికే ఉంది. ఆస్పత్రి అక్కడికి అయిదు నిమిషాల దూరం. చేతుల్లో పని ఉందని ఫోన్ స్పీకర్లో పెట్టానని ఆ రోజే అన్నాడు. అంటే ఆ కుర్చీలో పడి ఉండి, కళ్ళు తెరవలేక, నోరు మెదపలేక, ఆవిడ విన్న ఆఖరి మాటలు నావి. తుడువు. రుద్దు. మెల్లగా నొక్కు.

టక్. టక్. టక్.

"చెప్పావా"

"నాకు తెలియదమ్మా" అన్నాను తెరతో. "నీ వేలని నాకు తెలియదు. వాడు చెప్పలేదు."

మీటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పిచ్చేశ్వరరావు లేచి నిలబడిన చప్పుడు విన్నాను. తిరిగి చూసేసరికి షట్టరు కింద ఉన్నాడు.

"రోజూ అడుగుతోంది బావా" అన్నాడు. "ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు అని. తట్టుకోలేక నీ పేరు చెప్పాను. తీసుకురా, నిన్ను వదిలేస్తానంది."

నేను అడుగు వేసేలోపు వంగి బయటికి వెళ్ళిపోయాడు. షట్టరు దడదడా దిగింది. బయట గడియ పడింది. ఇరవై రెండేళ్ళు బావా అన్న మనిషి... గడియ వేశాక ఒక్క క్షణం కూడా ఆగలేదు. అడుగులు వినిపించాయి. ఆ వెంటనే, వానలోంచి, ఫోన్ మీటల చప్పుడు. టిక్ టిక్ టిక్ టిక్. పది అంకెలు. అతని వేళ్ళకి ఫోన్ పలుకుతోంది.

కరెంటు పోయింది.

యూపీఎస్ ఒకసారి కీచుమంది. తెర వెలుగు ఒక్కటే మిగిలింది. షట్టరు దగ్గరికి వెళ్ళి లాగాను. కదల్లేదు. పిడికిళ్ళతో బాదాను. ఉన్నట్టుండి జోరందుకున్న వానలో నా చప్పుడు నాకే వినిపించలేదు.

ఫోన్ తీశాను. తెర వెలిగింది. వేలితో పైకి నెట్టాను.

కదల్లేదు.

చొక్కాకి తుడుచుకుని మళ్ళీ నెట్టాను. ఎడమచేతి వేలితో నెట్టాను. పది వేళ్ళతోనూ నెట్టాను. అద్దం మీద నా వేళ్ళు ఉన్నాయి. ఫోన్‌కి మాత్రం నేను లేను.

బల్ల దగ్గరికి పరుగెత్తాను. నా కీబోర్డు, పొద్దున బందరులో నేనే పరీక్షించి సంచిలో వేసుకున్నది... మీటలన్నీ కొట్టాను. ఒక్క అక్షరం రాలేదు. మౌసు తిప్పాను. బాణం గుర్తు చచ్చినట్టు పడి ఉంది. వైరు చూశాను. పోర్టు మార్చాను. అంత భయంలోనూ నా చేతులు పంతొమ్మిదేళ్ళ అలవాటు ప్రకారం చేసుకుపోయాయి. వైరు, పోర్టు, వేరే కీబోర్డు. వైరు, పోర్టు, వేరే కీబోర్డు. జబ్బు ఆ మూడింటిలోనూ లేదు.

బామ్ వాసన ఎక్కువైంది. దగ్గరగా... చాలా దగ్గరగా. నా చెవి పక్కన.

ఎవరో నా కుడిచేతి బొటనవేలు పట్టుకున్నారు.

కనిపించలేదు. లాక్కుందామంటే చెయ్యి నా మాట వినలేదు. గోరువెచ్చటి తడిగుడ్డ ఒకటి వేలి మీద పడింది. గోటి దగ్గర నుంచి కింది కణుపు దాకా, నెమ్మదిగా, శ్రద్ధగా తుడిచింది. ఒకసారి. రెండుసార్లు. తర్వాత రెండు అరచేతులు నా వేలిని మధ్యలోకి తీసుకున్నాయి. రుద్దాయి. ఆ అరచేతుల్లో వెచ్చదనం లేదు. నా వేల్లోని వెచ్చదనమే వాటిలోకి పోతోంది... వేల్లోంచి, మణికట్టులోంచి, మోచేతిలోంచి...

"శ్రావ్యకి చెప్తాను" అన్నాను. ఏడుస్తున్నాననుకుంటాను. "జరిగిందంతా చెప్తాను. నా సంగతి కూడా చెప్తాను. వదులమ్మా."

చేతులు ఆగాయి.

బల్ల మూల వేలిముద్ర యంత్రం ఎర్రగా వెలిగింది. నా వేలు గాల్లోనే దాని వైపు వెళ్ళింది. అద్దం మీద ఆనింది. పైనుంచి ఒక చెయ్యి నొక్కింది. గట్టిగా కాదు... మెల్లగా.

కీచుమని చిన్న చప్పుడు.

తెర మీద ఒక్క మాట వచ్చింది.

"పడింది"

తర్వాత తెర ఆరిపోయింది.

ఎంతసేపయిందో తెలియదు. జనార్దనరావుగారని రిటైరైన మాస్టారొకాయన టీకి వచ్చి, లోపల చప్పుడు విని గడియ తీశారు. అప్పటికి ఆరున్నరే అయిందట. నేను నేల మీద కూర్చుని షట్టరుని అరచేతులతో కొడుతున్నానట. ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాను. తెల్లారేదాకా కుడిచెయ్యి వెచ్చబడలేదు.

పొద్దున్నే అవనిగడ్డ వెళ్ళాను. శ్రావ్య అక్కడ ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. వీధిలోకి పిలిచి, గోడ పక్కన నిలబెట్టి అంతా చెప్పాను. తెర మీద వచ్చిన మాటలు నమ్ముతుందో లేదో అనుకున్నాను. ఆ పిల్ల వాటి గురించి ఏమీ అడగలేదు. తల వంచుకుని విన్నది. చివరికి ఒకే ఒక్కటి అడిగింది.

"మావయ్యా, ఆ ఫోన్లో ఆయన మాట కాక ఇంకేమైనా వినిపించిందా మీకు?"

అబద్ధం చెప్పి ఉండచ్చు. ఇంట్లో మా ఆవిడకి అబద్ధమే చెప్పాను.

"వినిపించింది" అన్నాను. "ఎవరో గట్టిగా ఊపిరి తీస్తున్నారు. ఎవరో ముసలాయన అనుకున్నాను."

శ్రావ్య నా మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పిచ్చేశ్వరరావు వేసిన గడియ కంటే ఆ తలుపు చప్పుడే ఇప్పటికీ నాకు ఎక్కువ వినిపిస్తుంది. బయటికి వచ్చి జేబులోంచి ఫోన్ తీసి, భయంభయంగా వేలు పెట్టాను. పలికింది.

తర్వాత కథ కాగితాల మీద నడిచింది. బ్లెస్సీ ఒంటిగంటకే పోయిందని డాక్టరుకి పిచ్చేశ్వరరావు చెప్పి రాయించాడు. పర్మిట్ మార్పు కాగితం మీద ఆవిడ వేలు పడింది రెండుంపావుకి. అతను చెప్పిన అబద్ధమే అతన్ని పట్టించింది. నేను సంతకం చేసి వాంగ్మూలం ఇచ్చాను. రత్నరాజు, అంటే నేను, చెప్తేనే చేశానని అతనూ ఇచ్చాడు. మార్పు రద్దయింది. పర్మిట్ శ్రావ్యకి వచ్చింది. వేరే గది అద్దెకి తీసుకుని, కొత్త మిషన్లతో తెరిచిందని విన్నాను. బిగించడానికి నన్ను పిలవలేదు. అతను కేసు నడుస్తుండగా బెయిల్ మీద తిరుగుతున్నాడు. ఒకసారి మోపిదేవిలో ఎదురుపడ్డాడు. ఫోన్లో ఏదో చకచకా కొట్టుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయాడు.

పోయిన నెల గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు హాజరు యంత్రం కొన్నారు, లెక్చరర్లు వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ వేలు పెట్టేది. బిగించడానికి వెళ్ళాను. పెట్టె సీలు నేనే కోశాను. గోడకి బిగించి, కరెంటు ఇచ్చి, వాళ్ళ ప్రిన్సిపాల్ ఇందిరాదేవిగారు చూస్తుండగా పరీక్షకని మొదటి వేలుగా నా కుడి బొటనవేలు నమోదు చేయబోయాను.

యంత్రం ఒప్పుకోలేదు. ఈ వేలు ఇదివరకే నమోదైందని తెర మీద చూపించింది.

పాత సరుకు అంటగట్టారా అని ఆవిడ అడిగారు. లేదండీ అని జాబితా తెరిచాను. కొత్త యంత్రం, ఎవరూ ఉండకూడదు. ఒకరున్నారు. పేరు దగ్గర ఖాళీ. లోపలికి వచ్చిన సమయం ఉంది. నవంబరులో ఆ సోమవారమే, సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలు.

బయటికి వెళ్ళిన సమయం లేదు.